బంకమట్టి పొరల సందులో పాలీఅనిలిన్ నిజంగా ఏర్పడిందా? తయారీ నుంచి స్పెక్ట్రమ్ దాకా

మాంట్‌మోరిల్లొనైట్ అనే పొరల బంకమట్టి కలిపిన నీళ్లలో అనిలిన్, ఆమ్లం వేసి ఆక్సీకారిణిగా పర్‌సల్ఫేట్ పోస్తే కొన్ని గంటల్లో బీకర్ అంతా ఆకుపచ్చగా మారిపోతుంది. చాలా ప్రాజెక్టు రిపోర్టులు అక్కడితోనే "ఇంటర్‌కలేషన్ జరిగింది", అంటే పాలిమర్ పొరల సందులోకి చేరింది, అని తేల్చేస్తాయి. కానీ ఆ రంగు చెప్పేది ఎమరాల్డిన్ సాల్ట్, అంటే పాలీఅనిలిన్ వాహక రూపం, తయారైందని మాత్రమే. అది పొరల సందులో ఉందా, రేణువుల మీద పూతలా అంటుకుందా, పక్కనే విడిగా పొడిగా పడిందా అన్నది రంగును బట్టి తెలియదు. కింద చెప్పే పద్ధతి అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ అల్లుకున్నదే. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో, పీహెచ్‌డీ మొదటి ఏడాదికో సరిపోయే స్థాయిలో, 1 గ్రాము మట్టికి లెక్క కట్టి ఇస్తున్నాం.

ముందు జాగ్రత్త

అనిలిన్ చర్మం గుండా రక్తంలోకి చేరి మెథిమోగ్లోబినీమియా తెస్తుంది. అంటే రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గుతుంది, పెదవులు, గోళ్లు నీలం తిరుగుతాయి. ఫ్యూమ్ హుడ్, నైట్రైల్ గ్లవ్స్ లేకుండా సీసా మూత తీయకండి. గ్లవ్ మీద చుక్క పడితే వెంటనే మార్చండి. ఈ చర్యలో ఉపఉత్పత్తిగా బెంజిడిన్ రకం అణువులు కూడా రావచ్చు. బెంజిడిన్ క్యాన్సర్ కారకం కాబట్టి కడిగిన నీళ్లేవీ సింక్‌లో పోయకూడదు, విడిగా డబ్బాలో పట్టాలి. పొడి పర్‌సల్ఫేట్‌ను అనిలిన్ సీసాకు, టిష్యూ పేపర్లకు దూరంగా ఉంచండి.

మట్టి ఎంపిక

హార్డ్‌వేర్ షాపుల్లో ఎర్తింగ్ గుంతల కోసం అమ్మే బెంటొనైట్ (మాంట్‌మోరిల్లొనైట్ ఎక్కువగా ఉండే మట్టి) చవకగా దొరుకుతుంది కదా అని దాంతో మొదలుపెట్టకండి. అందులో క్వార్ట్జ్, కాల్సైట్, ఇనుము ఆక్సైడ్లు ఉంటాయి, కొన్నిసార్లు సోడా యాష్ కూడా కలుపుతారు. శుద్ధి చేస్తే పనికొస్తుంది గానీ సగం సమయం దానికే పోతుంది. కేటలాగుల్లో కనిపించే కె-10 ఇంకా పెద్ద ఉచ్చు. అది ఆమ్లంతో ఉడికించిన మాంట్‌మోరిల్లొనైట్. పొరలు దెబ్బతిని ఉంటాయి, సరిగా ఉబ్బదు. ఉత్ప్రేరకంగా మంచిదే, ఈ పనికి కాదు. సోడియం రూపంలో ఉన్న, రంగు తక్కువగా ఉన్న మట్టి తీసుకోండి. గోధుమ రంగు ఎక్కువగా ఉందంటే ఇనుము ఎక్కువని అర్థం. మట్టిలోని ఫెర్రిక్ ఇనుము కొన్ని ఆరోమాటిక్ అమీన్లను తనంతట తనే ఆక్సీకరిస్తుంది. బెంజిడిన్ మాంట్‌మోరిల్లొనైట్ మీద పడగానే నీలమవడం దీనివల్లే. అప్పుడు మీరు పోసిన ఆక్సీకారిణి ఏం చేసింది, మట్టి ఏం చేసింది అన్నది విడదీయలేరు.

శుద్ధి

10 గ్రాముల బెంటొనైట్‌ను పీహెచ్ 5 ఎసిటేట్ బఫర్‌లో వేసి, బుడగలు ఆగేదాకా వెచ్చగా కలిపితే కార్బొనేట్లు పోతాయి. తర్వాత 1 మోలార్ ఉప్పు ద్రావణం 200 మి.లీ. చొప్పున మూడుసార్లు మార్చి, ప్రతిసారీ కొన్ని గంటలు కలపండి. ఇక కడగడం. మొదట్లో సెంట్రిఫ్యూజ్‌లో మట్టి చక్కగా అడుగుకు దిగుతుంది. ఉప్పు తగ్గేకొద్దీ పైనీరు మబ్బుగానే ఉండిపోతుంది. ఇది కడగడం సరిగా జరుగుతోందనడానికి గుర్తు, కంగారుపడి ఆ నీళ్లు పారబోయకండి. అక్కడి నుంచి డయాలిసిస్ ట్యూబ్‌లోకి మార్చి, బయటి నీటిలో కొద్దిగా తీసి సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లబడకుండా ఉండేదాకా నీళ్లు మార్చుతూ ఉండండి.

నీళ్ల సంగతి హైదరాబాద్‌లో గట్టిగానే చెప్పాలి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. ఒక్కసారి ఆ నీటితో కడిగినా సోడియం పోయి కాల్షియం ఎక్కుతుంది, పొరల దూరం 12.5 నుంచి 15 ఆంగ్‌స్ట్రామ్‌లకు చేరుతుంది. అనిలిన్ లోపలికి వెళ్లినప్పుడు కనిపించే దూరం కూడా దాదాపు అంతే! డీఅయనైజ్డ్ నీళ్లు తప్ప మరేవీ వాడకండి.

కడిగిన మట్టిని లీటరు నీటిలో చెదరగొట్టి, 2 మైక్రాన్ల కంటే పెద్ద రేణువులు దిగిపోనివ్వండి. స్టోక్స్ సూత్రం ప్రకారం అవి 10 సెం.మీ. దిగడానికి 20 డిగ్రీల్లో సుమారు 7 గంటల 45 నిమిషాలు పడుతుంది. 30 డిగ్రీల్లో నీటి చిక్కదనం తగ్గి 6 గంటల 10 నిమిషాలే చాలు. పుస్తకాల్లోని "8 గంటలు" చల్లటి గదికి కట్టిన లెక్క. ఏసీ లేని ల్యాబులో ఏప్రిల్ నెలలో అలాగే వదిలేస్తే మీకు కావలసిన సన్నటి రేణువులు కూడా కొంత దిగిపోతాయి. సమయం కాగానే పై 10 సెం.మీ. నీటిని సైఫన్‌తో తీయండి. అందులో 10 మి.లీ. 105 డిగ్రీల్లో ఎండబెట్టి తూస్తే గాఢత తెలుస్తుంది. మిగిలినదాన్ని ఎండబెట్టకుండా అలాగే వాడుకోండి. ఒకసారి గట్టిగా ఎండిన మట్టి మళ్లీ అంత బాగా విడిపోదు.

క్యాటయాన్ మార్పిడి సామర్థ్యం, అంటే మట్టి ఎన్ని ధన అయాన్లను మార్చుకోగలదో, తెలియకుండా ముందుకు వెళ్లడం అనవసరం. కాపర్-ట్రైఎథిలీన్‌టెట్రమీన్ పద్ధతి తేలిక. మట్టి లాగేసుకోగా మిగిలిన నీలం రంగును 577 నానోమీటర్ల దగ్గర కొలిస్తే చాలు. సాధారణంగా 100 గ్రాములకు 80 నుంచి 120 మిల్లీఈక్వివలెంట్లు వస్తుంది. కింది లెక్కలు 90కి కట్టినవి, అంటే గ్రాముకు 0.9 మిల్లీమోల్. మీ మట్టి విలువను బట్టి మార్చుకోండి.

అనిలీనియం ఎక్కించడం

సీసాలో అనిలిన్ గోధుమ రంగులో ఉంటే అది అప్పటికే ఆక్సీకరించింది. చిటికెడు జింక్ పొడి వేసి, పీడనం తగ్గించి డిస్టిల్ చేయండి. రంగు లేకుండా రావాలి. 0.182 మి.లీ. అనిలిన్, అంటే 2 మిల్లీమోల్‌లు, 50 మి.లీ. నీటిలో వేసి 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 2.2 మి.లీ. చేర్చండి. ఆమ్లంలో అనిలిన్ ప్రోటాన్ తీసుకుని అనిలీనియం అయాన్ అవుతుంది, దాని పీకేఏ 4.6. పీహెచ్ 3 దగ్గర 97 శాతం పైగా అనిలీనియం రూపంలో ఉంటుంది, మట్టిలోకి ఎక్కేది ఆ అయాన్ రూపమే. దీన్ని 1 శాతం మట్టి సస్పెన్షన్ 100 మి.లీ.లోకి కలుపుతూ చుక్కలుగా వేయండి. మట్టి వెంటనే ముద్దకట్టి దిగడం మొదలవుతుంది. అలాగే జరగాలి. వెలుతురు తగలకుండా, వీలైతే నైట్రోజన్ కింద రాత్రంతా కలపండి.

ఇప్పుడు కడగడం. మొత్తం ప్రయోగంలో దీనికంటే ముఖ్యమైన అడుగు లేదు. సందుల్లోకి వెళ్లింది 0.9 మిల్లీమోల్ అయితే, బయట నీటిలో 1.1 మిల్లీమోల్ మిగిలి ఉంది. కడగకుండా ఆక్సీకారిణి పోస్తే బయటిదే ముందు, వేగంగా పాలిమర్ అవుతుంది. సెంట్రిఫ్యూజ్ చేసి 50 మి.లీ. నీటితో మూడుసార్లు కడగండి. చివరి నీటిలో కొద్దిగా తీసి, చుక్క క్షారం వేసి పీహెచ్ 8కి పెంచి, 280 నానోమీటర్ల దగ్గర చూడండి. క్షారం వేయకపోతే ఏమీ లేనట్టే కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ బాగా శోషించేది అనిలిన్, అనిలీనియం కాదు. అలాగని ఐదారుసార్లు కడిగితే ఇంకో నష్టం. వట్టి నీటిలో అనిలీనియం ప్రోటాన్ వదిలి అనిలిన్‌గా బయటకు జారిపోతుంది, మట్టి ఆమ్లరూపంలో మిగులుతుంది. మూడుసార్లు చాలు, నాలుగోసారి అవసరమైతే 280 విలువ చూసి నిర్ణయించుకోండి.

ఆక్సీకరణ

కడిగిన మట్టిని 0.02 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 మి.లీ.లో చెదరగొట్టి ఐస్ బాత్‌లో 5 డిగ్రీలకు దించండి. అనిలిన్ మోల్‌కు 1.25 మోల్‌ల పర్‌సల్ఫేట్ అన్నది పాలీఅనిలిన్‌కు ప్రామాణిక నిష్పత్తి. ఇక్కడది 1.125 మిల్లీమోల్ అవుతుంది.

ఏ పర్‌సల్ఫేట్? అందరూ అమ్మోనియం పర్‌సల్ఫేట్ వాడతారు. దాని 1.125 మిల్లీమోల్‌తో పాటు 2.25 మిల్లీమోల్‌ల అమ్మోనియం అయాన్లు కూడా వస్తాయి. మట్టికి సోడియం కంటే అమ్మోనియం అంటే మక్కువ ఎక్కువ. అది లోపలికి దూరి అనిలీనియాన్ని బయటకు నెడుతుంది. బయటికొచ్చిన అనిలీనియం అక్కడే పాలిమర్ అవుతుంది. అందుకే సోడియం పర్‌సల్ఫేట్ మేలు. 0.268 గ్రాములు 10 మి.లీ. చల్లటి నీటిలో కరిగించి, పది నిమిషాల్లో చుక్కలుగా వేయండి.

ఇంకో చిక్కు సహజంగానే ఉంది. పర్‌సల్ఫేట్ ఋణావేశ అయాన్, మట్టి పొరలూ ఋణావేశమే. కాబట్టి ఆక్సీకారిణి సందుల్లోకి సులువుగా పోదు. చర్య పొరల అంచుల దగ్గర మొదలై లోపలికి నెమ్మదిగా పాకుతుంది. మామూలు పాలీఅనిలిన్ అరగంటలో అయిపోతే ఇక్కడ 24 గంటలు ఇవ్వాలి. దీన్ని తప్పించుకోవాలంటే మట్టిలో ముందుగా కాపర్ అయాన్లు ఎక్కించి, కడిగి ఆరబెట్టి, అనిలిన్ ఆవిరి తగిలించవచ్చు. అప్పుడు ఆక్సీకారిణి లోపలే ఉంటుంది. కాకపోతే చాలావరకు పొట్టి గొలుసులే వస్తాయి.

పీహెచ్‌తో ఆటలు వద్దు. 4 దాటితే గోధుమ రంగు ఆలిగోమర్లు (పొట్టి గొలుసులు) వస్తాయి. 1 మోలార్ ఆమ్లంలో రోజంతా ఉంచితే పొరల్లోంచి అల్యూమినియం, మెగ్నీషియం కరిగిపోతాయి. మే నెలలో ఐస్ కరిగిపోయి బాత్ 30 డిగ్రీలకు చేరితే ఉపఉత్పత్తుల వాటా పెరుగుతుంది. కాబట్టి రాత్రికి బీకర్‌ను ఫ్రిజ్‌లో పెట్టడం నయం. అది రసాయనాల ఫ్రిజ్ అయి ఉండాలి, టిఫిన్ బాక్సులు పెట్టేది కాదు.

పోలిక నమూనాలు

అదే రోజు ఇవి కూడా చేయండి: మట్టి లేకుండా చేసిన పాలీఅనిలిన్, ఆక్సీకారిణి వేయని అనిలీనియం-మట్టి, అనిలిన్ లేకుండా పర్‌సల్ఫేట్ తగిలిన మట్టి. అన్నిటికంటే విలువైనది, విడిగా చేసిన పాలీఅనిలిన్‌ను, మట్టిని రోటిలో పొడిగా కలిపిన మిశ్రమం. మీ అసలు నమూనా స్పెక్ట్రమ్ ఈ మిశ్రమం స్పెక్ట్రమ్‌లాగే ఉంటే లోపల ఏమీ జరగలేదని అనుమానించాలి.

చర్య జరుగుతుండగా యూవీ-విజిబుల్

ఏర్పడే క్రమం చూడాలంటే చర్యను క్యువెట్‌లోనే నడపండి. 3 మి.లీ.లో 1.5 మి.గ్రా. అనిలీనియం-మట్టి ఉండేలా 0.05 శాతం సస్పెన్షన్ తీసుకుని, 50 మిల్లీమోలార్ సోడియం పర్‌సల్ఫేట్ 34 మైక్రోలీటర్లు వేయండి. 300 నుంచి 1000 నానోమీటర్ల దాకా ప్రతి 5 నిమిషాలకు ఒక స్కాన్. చిన్న మాగ్నెట్ తిరుగుతూ ఉండాలి, లేకపోతే మట్టి దిగిపోయి శోషణ తగ్గుతుంది, మీరేమో చర్య వెనక్కి పోతోందనుకుంటారు. రెఫరెన్స్ వైపు నీళ్లు పెట్టకండి, ఆక్సీకారిణి లేని అదే సస్పెన్షన్ పెట్టండి. అప్పటికీ చెదరడం వల్ల తక్కువ తరంగదైర్ఘ్యాల వైపు బేస్‌లైన్ పైకి లేస్తుంది. దాన్ని తీసేశాకే పీక్‌ల ఎత్తు పోల్చాలి.

ఎమరాల్డిన్ సాల్ట్ అయితే 420–440 దగ్గర భుజం, 750–850 మధ్య వెడల్పాటి పట్టీ కలిసి పెరుగుతాయి. మధ్యలో నీలం రంగు వచ్చి ఆగిపోవడం తరచూ కనిపిస్తుంది. మామూలు పాలీఅనిలిన్‌లో గొలుసు మొదట పెర్నిగ్రానిలిన్ (పూర్తిగా ఆక్సీకరించిన నీలం రూపం) దాకా ఆక్సీకరించి, మిగిలిన అనిలిన్ దాన్ని తిరిగి ఎమరాల్డిన్‌కు దించుతుంది. ఇక్కడ మీరు మిగులు అనిలిన్‌ను కడిగేశారు, దించేవాళ్లు లేరు. అందుకే నీలం నిలిచిపోవచ్చు. 520 ప్రాంతంలో ఎరుపు వైపు రంగునిచ్చే శోషణ కూడా పెరుగుతుంటే ఫీనోసాఫ్రానిన్ తరహా వలయాలు ఏర్పడుతున్నాయని అనుమానించండి. మట్టి సందుల్లో ఇది అరుదు కాదు. ఇరుకైన చోట అనిలిన్ అణువులు తల-తోక పద్ధతిలో వరుసగా కలవడానికి బదులు పక్కకు కలిసి వలయాలు కట్టే అవకాశం ఉంది.

ఎక్స్‌ఆర్‌డీ (పొరల దూరం కొలిచే ఎక్స్‌రే డిఫ్రాక్షన్): లోపల ఏదో ఉందా?

2 శాతం సస్పెన్షన్ 1 మి.లీ. గాజు పలక మీద ఆరబెట్టి, కాపర్ కె-ఆల్ఫాతో టూ-తీటా 3 డిగ్రీల నుంచి స్కాన్ చేయండి. 5 నుంచి మొదలుపెడితే పీక్ మొదలు కోసుకుపోతుంది. ఒక పొర నీరున్న సోడియం మట్టి 7.1 డిగ్రీల దగ్గర (12.5 ఆంగ్‌స్ట్రామ్), పూర్తిగా ఎండినది 9.1 దగ్గర (9.7 ఆంగ్‌స్ట్రామ్) వస్తుంది. పాలిమర్ ఉన్న మట్టి సాధారణంగా 13–15 ఆంగ్‌స్ట్రామ్‌ల మధ్య ఉంటుంది. రెండు పొరల నీరున్న మట్టి కూడా 15 దగ్గరే ఉంటుంది కాబట్టి ఒక్క స్కాన్‌తో తీర్పు ఇవ్వకూడదు.

110 డిగ్రీల్లో రెండు గంటలు ఉంచి వెంటనే మళ్లీ స్కాన్ చేయండి. నీరు మాత్రమే ఉంటే సందు 10 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపుకు కూలిపోతుంది. సేంద్రియ పదార్థం ఉంటే 13 దగ్గర నిలబడుతుంది. జులై, ఆగస్టు గాలిలో ఎండిన మట్టి నిమిషాల్లో తేమ లాక్కుంటుంది, కాబట్టి డెసికేటర్ నుంచి నేరుగా స్టేజ్ మీదికి వెళ్లాలి. పరికరం మీ కాలేజీలో లేక తార్నాక నుంచి గచ్చిబౌలికో, కందికో నమూనా పంపిస్తుంటే, దాన్ని సంతృప్త మెగ్నీషియం నైట్రేట్ ద్రావణం మీద, అంటే సుమారు 53 శాతం తేమలో ఉంచి, మూత బిగించి పంపండి. అప్పుడు మే నెల స్కాన్‌ను, ఆగస్టు స్కాన్‌ను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. స్లాట్ కోసం పరిశోధన పరికరాల జాబితా ఉండే ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతికితే దగ్గర్లో ఏ పరికరం అందుబాటులో ఉందో తెలుస్తుంది.

ఎక్స్‌ఆర్‌డీ పరిమితి గుర్తుంచుకోండి. అనిలీనియం కూడా పొరలను అలాగే ఎత్తి నిలబెడుతుంది. లోపల ఉన్నది మోనోమరా, పాలిమరా అన్నది ఇది చెప్పదు. ఆ పని రామన్‌ది, అంటే లేజర్ కాంతి చెదరే తీరును బట్టి బంధాలను గుర్తించే స్పెక్ట్రోస్కోపీది.

రామన్: ఉన్నది ఏమిటి?

మట్టి రామన్ సంకేతం బలహీనం, పాలిమర్‌ది 632.8 నానోమీటర్ల దగ్గర రెజొనెన్స్ వల్ల చాలా బలంగా వస్తుంది. అందుకే ఈ జంటకు రామన్ చక్కగా కుదురుతుంది. వేవ్‌నంబర్లలో 1335 దగ్గరి పట్టీ పోలరాన్లలోని (గొలుసు మీది ధనావేశ స్థానాల్లోని) కార్బన్-నైట్రోజన్ బంధానిది. 1620 బెంజినాయిడ్ వలయాలది, 1590, 1480 పరిసరాలు క్వినాయిడ్ భాగాలవి, 1165–1190 మధ్యది వలయాల మీది కార్బన్-హైడ్రోజన్ వంపు. 1370–1400 మధ్య, 575 దగ్గర పట్టీలు వస్తే ఫీనాజిన్ తరహా అడ్డవంతెనలు ఉన్నట్టు.

అయితే లేజర్ వేడికి పాలీఅనిలిన్ మాడినా సరిగ్గా అవే పట్టీలు వస్తాయి. మట్టి వల్ల వచ్చిందా, మీ లేజర్ వల్ల వచ్చిందా? ఇది తేల్చకుండా ఫీనాజిన్ గురించి ఒక్క వాక్యం కూడా రాయకూడదు. 17 మిల్లీవాట్ల లేజర్‌కు 1 శాతం ఫిల్టర్ పెట్టి 0.17తో మొదలుపెట్టండి. తర్వాత 10 శాతం ఫిల్టర్‌తో, ప్రతిసారీ కొత్త చోట తీయండి. 1380 పట్టీకి, 1165 పట్టీకి మధ్య నిష్పత్తి పవర్‌తో పెరిగితే అది మాడటమే. మారకుండా ఉంటే మట్టిలో పుట్టినదే. తీశాక మైక్రోస్కోప్‌లో చూడండి, నల్లచుక్క కనిపిస్తే ఆ స్పెక్ట్రమ్ పక్కన పడేయండి.

ఎఫ్‌టీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రమ్) కూడా తీయండి గానీ దాని మీద భారం మోపకండి. 1040 దగ్గర సిలికాన్-ఆక్సిజన్ పట్టీ 1140 దగ్గరి పాలిమర్ పట్టీని మింగేస్తుంది, 1635 దగ్గర నీరు అడ్డొస్తుంది. 1300, 1490, 1570 చూడటానికి పనికొస్తుంది. పొటాషియం బ్రోమైడ్ బిళ్లలో పొటాషియం మట్టిలోకి మారిపోగలదు కాబట్టి బిళ్ల చేయకుండా పొడిని నేరుగా కొలిచే ఏటీఆర్ మంచిది.

లోపలా, బయటా?

నమూనాలో సగాన్ని 0.1 మోలార్ అమోనియాతో ఐదు నిమిషాలు కడిగి, ఎన్-మిథైల్‌పైరోలిడోన్‌లో కలపండి. బయటి పాలిమర్ ఎమరాల్డిన్ బేస్‌గా కరిగి ద్రావణం నీలమవుతుంది, 630 దగ్గర కొలవవచ్చు. మిశ్రమం నమూనాతో పక్కనే చేస్తే తేడా కళ్లకు కనిపిస్తుంది. ద్రావణం రంగు రావడం ఆగేదాకా మార్చి, మిగిలిన మట్టిని పలుచని ఆమ్లంతో కడిగి మళ్లీ రామన్ తీయండి. పాలిమర్ పట్టీలు ఇంకా ఉన్నాయంటే, వేడి చేసినా సందు కూలలేదంటే, అప్పుడు "పొరల మధ్య" అన్న మాట రాయవచ్చు. ఈ ద్రావణి తానూ సందుల్లోకి దూరుతుంది, అందుకే ఎక్స్‌ఆర్‌డీ కడగకముందు నమూనాపైనే తీసి ఉండాలి. గర్భస్థ శిశువుకు ఈ ద్రావణి హాని చేస్తుంది, గ్లవ్స్ తప్పనిసరి.

ఈడీఎక్స్ (ఎక్స్‌రేలతో మూలకాలను గుర్తించే పరికరం) ఉంటే మరో ఆధారం దొరుకుతుంది. మామూలు ఎమరాల్డిన్ సాల్ట్‌లో ధనావేశాన్ని సరితూచేది క్లోరైడో, సల్ఫేటో. సందులో ఆ పని మట్టి పొర ఋణావేశమే చేస్తుంది. పోలరాన్ పట్టీలు బలంగా ఉండి, క్లోరిన్, సల్ఫర్ చాలా తక్కువగా కనిపిస్తే పాలిమర్ లోపల ఉందన్న వాదన బలపడుతుంది.

విద్యుద్వాహకతను మాత్రం సాక్ష్యంగా పిలవకండి. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో చేసిన పాలీఅనిలిన్ బిళ్ల సెంటీమీటరుకు కొన్ని సీమెన్స్ ఇస్తుంది. పొరల మధ్య చిక్కుకున్న గొలుసులకు పైనా కిందా సిలికేట్ గోడలు ఉంటాయి కాబట్టి బిళ్లలో విలువ ఎన్నో రెట్లు పడిపోతుంది. మీ బిళ్ల బాగా వాహకంగా వచ్చిందంటే సంతోషించే ముందు ఎన్-మిథైల్‌పైరోలిడోన్ పరీక్ష మళ్లీ చేయండి. కరెంటు మోసింది బయటి పూత అయి ఉండవచ్చు.